ఫొటో తీసేస్తే ఏం మిగులుతుంది?

పత్రిక మొదటి పేజీ నిండా వచ్చే ప్రభుత్వ ప్రకటన ఒకటి తీసుకుని కాస్త ఓపిగ్గా చూడండి. పేజీలో సగం ముఖ్యమంత్రి నిలువెత్తు ఫొటో. చేతులు జోడించో, చెయ్యి ఊపుతూనో ఉంటారు. పక్కన అంతకంటే చిన్నగా శాఖ మంత్రి. పైన పథకం పేరు, దాని కింద ఇన్ని లక్షల మంది ఖాతాల్లోకి ఇన్ని వందల కోట్లు నేడే జమ అనే వాక్యం. మిగిలిన చోటంతా పచ్చటి పొలం, బోసినవ్వుల అవ్వ, బడిసంచీ తగిలించుకున్న పిల్ల. అట్టడుగున ఓ మూల, కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనబడని అక్షరాల్లో సమాచార పౌర సంబంధాల శాఖ వారి నంబరు. డబ్బు పడకపోతే ఎవరిని అడగాలి, దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి, గడువు ఎప్పటిదాకా, ఏ కాగితాలు కావాలి అన్నవి చాలాసార్లు ఉండవు. ఉన్నా ఆ నంబరు పక్కనే, అదే సైజులో ఉంటాయి. ఇలాంటిది సమాచారమో ప్రచారమో తేల్చడానికి చట్టాలు తిరగేయనక్కర్లేదు. ఫొటో తీసేసి చూడాలి. నాయకుడి పేరూ పార్టీ రంగూ కూడా తీసేసి చూడాలి. ఆ తర్వాత చదివినవాడికి పనికొచ్చే ముక్క ఒక్కటైనా మిగిలితే అది ప్రభుత్వ ప్రకటన. ఏమీ మిగలకపోతే అది పార్టీ కరపత్రం. బిల్లు మాత్రం ఖజానాకు వెళ్లింది.

ఈ పరీక్షలో నెగ్గిన ప్రకటనలు మన దేశంలో లేకపోలేదు. పల్స్ పోలియో సంగతే చూడండి. అయిదేళ్లలోపు పిల్లలు, ఫలానా ఆదివారం, దగ్గర్లోని కేంద్రం, రెండు చుక్కలు: ఇంతే చెప్పారు, ఏళ్ల తరబడి చెప్పారు. అమితాబ్ బచ్చన్ బతిమాలి చెప్పారు, ఒక్కోసారి కసిరి చెప్పారు. ఆ ప్రచారాన్ని జనం గుర్తుపెట్టుకున్నది ఏ మంత్రి మొహంతోనూ కాదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించింది. ఆ ఫలితం వెనక టీకా సిబ్బంది కాళ్ల నొప్పులతో పాటు ఆ ప్రకటనల ఖర్చూ ఉంది, ఆ ఖర్చును తప్పుపట్టేవారు ఎవరూ లేరు. తుపాను హెచ్చరిక, ఓటరు నమోదు గడువు, ధాన్యం కొనుగోలు కేంద్రాల వివరాలు, కొత్త చట్టం వల్ల జనానికి వచ్చిన హక్కు ఇవన్నీ చెప్పాల్సిన సంగతులే. చెప్పడానికి డబ్బు ఖర్చు చేయాల్సిందే. కాబట్టి ప్రభుత్వం ప్రకటనలు ఇవ్వవచ్చా అన్న దగ్గర తగవు లేదు. ప్రజల డబ్బుతో వేసిన ప్రకటనలో నాయకుడు ఏ హక్కుతో నిలబడ్డాడన్న దగ్గరే తగవు.

పైగా ఈ జబ్బు పత్రికల పేజీల్లో ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. దాదాపు వందేళ్ల తర్వాత రాష్ట్రమంతటా తలపెట్టిన పని అది, అవసరమైన పని కూడా. కానీ గట్ల మీద పాతిన సర్వే రాళ్ల మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ పేరున్న పథకం పేరు చెక్కారు, ఆయన బొమ్మా వేశారు. రైతు చేతికిచ్చిన పాస్ పుస్తకం అట్ట మీద ముఖ్యమంత్రి ఫొటో ఎక్కింది. సర్వే రాయికి ఉన్న పని ఒక్కటే: ఇటు పొలం ఎవరిది, అటు పొలం ఎవరిది అన్న తగాదాకు సాక్షిగా నిలబడటం. ముఖ్యమంత్రులు అయిదేళ్లకో పదేళ్లకో మారతారు, రాయి తరాల పాటు ఉండాలి. తాత నుంచి వచ్చిన ఎకరానికో, చెమటోడ్చి కొని స్టాంపు డ్యూటీ కట్టిన రెండెకరాలకో హక్కు పత్రం మీద ఆ భూమితో ఏ సంబంధమూ లేని మనిషి ఫొటో ఎందుకని రైతులు అడిగారు. 2024లో వచ్చిన ప్రభుత్వం పాస్ పుస్తకాల మీదికి రాజముద్రను తెచ్చింది, రాళ్ల మీది బొమ్మలు, పేర్లు చెరిపించాలనుకుంది. పంచాయతీ భవనాల కథా ఇదే. వాటికి అధికార పార్టీ జెండాను పోలిన రంగులు వేయడం చెల్లదని 2020 మార్చిలో హైకోర్టు చెప్పింది. ఆ రంగులకు మట్టిరంగు పట్టీ ఒకటి జోడిస్తూ సర్కారు మరో జీవో తెచ్చింది. అదీ కొట్టేశారు, ఆ జూన్‌లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. వేసిన రంగుకు ఒకసారి, చెరిపిన రంగుకు మరోసారి చెల్లించింది మాత్రం జనమే.

ఒక పార్టీని వేలెత్తి చూపి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. చంద్రన్న బీమా, చంద్రన్న సంక్రాంతి కానుక అన్న పేర్లు జగనన్న విద్యా కానుక, జగనన్న గోరుముద్ద కంటే ముందే వచ్చాయి. అన్న క్యాంటీన్ల గోడలకు పసుపు పూసింది మరో సర్కారు. పింఛను ఒకరి హయాంలో ఎన్టీఆర్ భరోసా, ఇంకొకరి హయాంలో వైఎస్సార్ కానుక, మళ్లీ ఎన్టీఆర్ భరోసా. తెలంగాణలో బాలింతలకు ఇచ్చిన సబ్బూ నూనే దోమతెరా ఉన్న పెట్టె మీద 2017 నుంచీ కేసీఆర్ పేరుండేది, ప్రభుత్వం మారాక ఆ పేరూ మారింది. 2024 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ పేరు, పుస్తకాల కిట్‌కు సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు పెట్టడం ఈ వరసలో కాస్త మెరుగైన మాట. ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టిన తల్లి పేరు భోజనానికి పెడితే ఓట్ల లెక్కలో ఎవరికీ జమ పడదు. ఇలా చేయడం సాధ్యమేనని తెలిసి కూడా మిగతా పథకాలకు పార్టీ పేర్లే పెడుతున్నారంటే అది అలవాటు కాదు, ఎంపిక.

ఇందులో నష్టం డబ్బు ఒక్కటే అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. పింఛను చట్టసభ ఆమోదించిన బడ్జెట్ నుంచి వస్తుంది. ఆ బడ్జెట్‌లోకి అగ్గిపెట్టె కొన్న కూలీ కట్టిన పన్ను కూడా చేరుతుంది. అర్హత ఉన్న ముసలమ్మకు అది హక్కు. అదే డబ్బు అన్న పేరుతో, మామ పేరుతో, ఫొటో అంటించిన కవర్లో చేతికి వచ్చినప్పుడు ఆమె పౌరురాలు కాదు, పుచ్చుకున్న మనిషి. పుచ్చుకున్న మనిషి ఆలస్యమైందేమని గట్టిగా అడగలేదు, జాబితాలోంచి పేరు ఎందుకు తీశారని నిలదీయలేదు, దణ్ణం పెట్టి అడుగుతుంది. సొమ్ము ఒకడిది సోకు ఒకడిది అని నవ్వుకుని వదిలేయడానికి వీల్లేనిది ఇందుకే. పోయిన సొమ్ము వచ్చే బడ్జెట్‌లో పూడ్చుకోవచ్చు గానీ, హక్కును దయగా మార్చుకున్న మనసును అంత సులువుగా సరిచేయలేం. మన పల్లెల్లో ఇప్పటికీ ఏ నాయకుడు ఏం ఇచ్చాడన్న భాషలోనే రాజకీయం మాట్లాడుకుంటారు. ఆ భాషను రాళ్ల మీద, సంచుల మీద, కార్డుల మీద అచ్చేసి పెంచి పోషిస్తున్నది ప్రభుత్వాలే.

లెక్కలూ తక్కువేం కావు. 2017-18 నుంచి 2022 డిసెంబరు దాకా కేంద్ర ప్రభుత్వం ప్రకటనల మీద రూ.3,723 కోట్లు ఖర్చు చేసినట్టు రాజ్యసభకు తెలిపింది. బేటీ బచావో బేటీ పఢావో పథకానికి 2016 నుంచి 2019 మధ్య విడుదలైన రూ.446.72 కోట్లలో 78.91 శాతం ప్రచారానికే పోయిందని 2021 డిసెంబరులో పార్లమెంటరీ సంఘం ఎత్తిచూపింది. ఆడపిల్ల మీద సమాజం చూపు మార్చడమే ఆ పథకం ఆశయాల్లో ఒకటి కాబట్టి ప్రచారానికి వాటా ఉండాల్సిందే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ నాలుగు వంతుల్లో మూడు వంతులు మించి ప్రచారానికే పోతే ఆడపిల్ల చదువుకూ ఆరోగ్యానికీ మిగిలేదెంత? ఢిల్లీ సంగతి మరీ ముచ్చటైనది. పొరుగు రాష్ట్రాలకు వేసే వేగవంతమైన రైలు మార్గాల్లో తన వాటా కట్టడానికి నిధులు లేవని అక్కడి ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. అయితే మూడేళ్లలో ప్రకటనలకు ఎంత పెట్టారో చెప్పమని 2023 జులైలో కోర్టు అడిగింది. తేలిన లెక్క వెయ్యి కోట్ల పైమాటే. రైలుకు బాకీ పడ్డ రూ.415 కోట్లు కట్టకపోతే ప్రకటనల నిధినే అటు మళ్లిస్తామని ఆ నవంబరులో కోర్టు హెచ్చరించాల్సి వచ్చింది.

ఎన్నికల న్యాయం వైపు నుంచి చూస్తే ఇంకో వింత కనిపిస్తుంది. మన రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థి ఖర్చుకు రూ.40 లక్షల పరిమితి పెట్టారు. జెండాకింత, మైకుకింత, టీకింత అని పరిశీలకులు రాసుకుంటారు. ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవారి పేరు, వేయించినవారి పేరు ఉండాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అంటుంది. షెడ్యూలు వచ్చిన రోజు నుంచి విగ్రహాలకు గుడ్డలు చుడతారు, ఫ్లెక్సీలు పీకేస్తారు, ప్రవర్తనా నియమావళి ప్రకారం ఖజానా ఖర్చుతో ప్రకటనలు ఆపేస్తారు. అంటే ఇవి ఓటు మీద పనిచేస్తాయని వ్యవస్థకు తెలుసు. తెలిసి కూడా ఆ నెలా రెండు నెలలు మినహా మిగిలిన నాలుగేళ్ల పది నెలలూ ఒక పక్షానికి మాత్రం పరిమితి లేని ప్రచారం, అదీ ఎదుటి పక్షానికి ఓటేసినవాడి పన్నుతో, అనుమతిస్తోంది.

న్యాయస్థానం ఈ చిక్కుముడిని విప్పబోయి మధ్యలో వదిలేసింది. కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ తదితరుల పిటిషన్ల మీద 2014లో న్యాయ విద్యావేత్త మాధవ మీనన్ సహా ముగ్గురితో సుప్రీంకోర్టు ఒక సంఘాన్ని వేసింది. ఆ సిఫార్సుల మీద 2015 మే 13న జస్టిస్ రంజన్ గొగోయ్ రాసిన తీర్పు గట్టిగానే ఉంది. ప్రకటన ప్రభుత్వ బాధ్యతలకు సంబంధించినదై ఉండాలి, నిష్పాక్షికంగా ఉండాలి, అధికార పార్టీ ప్రయోజనం చూడకూడదు, ఖర్చుకు తగ్గ ఫలితం ఉండాలి అన్నారు. ఫొటో వ్యక్తిపూజకు దారి తీస్తుందని చెప్పి రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలకే పరిమితం చేశారు. కానీ ఎన్నికల ముంగిట ప్రకటనలను నిషేధించాలన్న సిఫార్సును మాత్రం పక్కన పెట్టారు. ప్రధానికి ఉన్న వీలు ముఖ్యమంత్రికి ఎందుకు లేదని కేంద్రమూ కొన్ని రాష్ట్రాలూ మళ్లీ కోర్టుకెక్కాయి. ఫెడరల్ న్యాయం ప్రకారం ఆ ప్రశ్న సబబైనదే. దానికి రెండు జవాబులున్నాయి: ప్రధాని ఫొటో కూడా తీసేయడం, లేదా అందరివీ పెట్టనివ్వడం. 2016 మార్చి 18న కోర్టు రెండోది ఎంచుకుంది. గవర్నర్లు, ముఖ్యమంత్రులు, శాఖ మంత్రుల ఫొటోలు తిరిగి పేజీకెక్కాయి. మొదటి తీర్పు తప్పు ప్రధాని ఫొటోను మినహాయించడంలో ఉంది. ఒక్క ముఖానికి తలుపు తీస్తే మిగతా ముఖాలు బయట నిలబడవు.

అమలు మాటకొస్తే, 2016లో కేంద్రం ప్రకటనల పరిశీలనకు ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. రాష్ట్రాలూ వేసుకోవాలన్నారు, కర్ణాటక, గోవా లాంటి కొన్నే వేసుకున్నాయి. ఢిల్లీ ప్రకటనల్లో నిబంధనలు దాటినవి ఉన్నాయని కేంద్రం వేసిన కమిటీ తేల్చింది. ఆ ఖర్చు రూ.97 కోట్ల పైచిలుకుగా లెక్కగట్టి, వసూలు చేయాలని 2022 డిసెంబరులో లెఫ్టినెంట్ గవర్నర్ ఆదేశించారు. తర్వాతి నెలలో వడ్డీతో కలిపి రూ.163.62 కోట్లు కట్టమని అప్పట్లో ఢిల్లీని ఏలుతున్న ఆమ్ ఆద్మీ పార్టీకి నోటీసు వెళ్లింది. మిగతా రాష్ట్రాల ముఖ్యమంత్రుల ప్రకటనలు ఢిల్లీ పేపర్లలో రావడం లేదా, వాళ్లనెవరు అడిగారు అన్నది ఆ పార్టీ ఎదురు ప్రశ్న. ఆ ప్రశ్న తప్పును ఒప్పు చేయదు గానీ అందులో పస ఉంది. కొరడా కేంద్రం నియమించిన మనిషి చేతిలో ఉండి, దెబ్బ ప్రతిపక్ష ప్రభుత్వానికే పడుతుంటే నియమం మీద ఎవరికీ గౌరవం మిగలదు.

ఇక అభ్యంతరాల సంగతి. లక్షల కోట్ల బడ్జెట్‌లో ఈ ఖర్చు ఏపాటిదని అంటారు. ఏపాటిదీ కాదనే అనుకుందాం, చిన్న మొత్తమైనంత మాత్రాన ఒకరి డబ్బుతో మరొకరు ఓట్లు అడగడం న్యాయమైపోదు. ప్రకటనలు ఎవరినీ గెలిపించలేదు కదా అన్నది ఇంకో మాట. నిజమే, 2019లో 151 స్థానాలు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ 2024లో 11కి పడిపోయింది. అంతకుముందు తెలుగుదేశం 23కి దిగింది. తెలంగాణలో బీఆర్ఎస్ 88 నుంచి 39కి వచ్చింది. జనం మోసపోలేదని దీన్నిబట్టి సంతోషించవచ్చు. కానీ అప్పుడు ఆ డబ్బు అక్రమమే కాక వృథా కూడా అయినట్టు. ప్రతిపక్షానికీ సొంత చానళ్లూ పేపర్లూ ఉన్నాయి కదా, మా గొంతు వినిపించుకోవద్దా అన్నది మూడో మాట. వినిపించుకోవచ్చు, పార్టీ ఖాతా నుంచి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ముఖం ఉంటేనే జవాబుదారీ ఉంటుంది, ఈ పని చేసింది ఎవరో జనానికి తెలియాలి కదా అంటారు. ఈ వాదన నిలబడాలంటే గోతులు పడ్డ రోడ్డు పక్కనా, డాక్టరు లేని ఆసుపత్రి గుమ్మం మీదా అదే ఫొటో ఉండాలి. 2022 సెప్టెంబరులో కామారెడ్డి జిల్లా బీర్కూరులో రేషన్ దుకాణం దగ్గర ప్రధాని ఫొటో లేదేమని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ అక్కడి కలెక్టర్‌ను నలుగురిలో నిలదీశారు. బియ్యంలో కేంద్రం వాటా పెద్దదన్నది ఆమె వాదన. వెంటనే టీఆర్ఎస్ (నేటి బీఆర్ఎస్) వాళ్లు గ్యాస్ సిలిండర్ల మీద మోదీ ఫొటో అంటించి పక్కన ధర రూ.1,105 అని రాశారు. బియ్యం మీద ఉండాల్సిన ముఖం సిలిండర్ మీద కనిపించేసరికి ఎగతాళి అయింది. మంచికి మాత్రమే ముఖం కావాలనుకునేది జవాబుదారీ కాదని ఆ ఒక్క స్టిక్కర్ తేల్చేసింది. అదే ఎగతాళి చేసినవాళ్లు తమ కిట్ మీద తమ నాయకుడి పేరు ఉంచుకున్నారన్నదీ మరిచిపోకూడదు.

పత్రికల బతుకు ఈ ప్రకటనల మీద ఉందన్న మాటనూ దాటేయలేం. చిన్న పత్రికకు, జిల్లా పత్రికకు సర్కారీ ప్రకటన జీతాల డబ్బు. అందుకే అది పగ్గం కూడా. మెచ్చుకున్నవాడికి పేజీలు, ప్రశ్నించినవాడికి మొండిచెయ్యి అన్న ఏర్పాటు తెలుగు పాఠకులకు చెప్పి తెలియాల్సినది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో వలంటీర్లు దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు రూ.200 ఇస్తూ వచ్చిన ఉత్తర్వులు అప్పటి ముఖ్యమంత్రి కుటుంబ పత్రిక సాక్షికి మేలు చేయడానికేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెళ్లింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు పంపింది. ఏ పక్షాన నిలబడి చూసినా ఒక సంగతి కాదనలేం: ఎవరికి ఎంత ఇవ్వాలో మంత్రి ఇష్టానికి వదిలేసినంత కాలం ఖజానా ఒక పత్రికకు అన్నం, ఇంకో పత్రికకు ఆకలి అవుతూనే ఉంటుంది. చిన్న పత్రికలను ఆదుకోవాలంటే ప్రచురించిన సూత్రం ప్రకారం, ప్రచురించిన లెక్కతో ఆదుకోవచ్చు. దానికి ముఖ్యమంత్రి ఫొటో అవసరం లేదు.

ఇది మార్చలేనిదేం కాదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2004లో చట్టం చేసి, ప్రభుత్వ ప్రకటన బయటికి రాకముందే ఆడిటర్ జనరల్ చూసి పార్టీ ప్రచారం కాదని ఒప్పుకోవాలని పెట్టింది. మంత్రుల ఫొటో, పేరు, గొంతు వద్దంది. ఏళ్ల పాటు అది నడిచింది. 2015లో ఆ చట్టం పదును తీసింది మాత్రం దాన్ని తెచ్చిన పార్టీయే. అధికారంలో ఉన్నవాళ్ల మంచితనం మీద ఆధారపడిన నియమం అధికారం రుచి మరిగాక నిలవదన్నది అందులో మనకు పనికొచ్చే పాఠం. అందుకే మనం అడగాల్సినవి గట్టిగా, తక్కువగా ఉండాలి. బతికున్న ఏ నాయకుడి ఫొటో గానీ పేరు గానీ ప్రభుత్వ ప్రకటనలో, పథకంలో, హక్కు పత్రంలో ఉండకూడదు. ఇందులో ప్రధానికీ మినహాయింపు వద్దు. పరిశీలించే అధికారం ప్రభుత్వం నియమించిన కమిటీకి కాక కాగ్‌కు ఉండాలి. ఈ రెండూ వచ్చేదాకా, రేపటి నుంచే అమలు చేయగలిగింది మరొకటి ఉంది. ప్రతి ప్రకటన అడుగున శాఖ నంబరు వేసే ఆ మూలలోనే, చదవగలిగే అక్షరాల్లో, దానికి చెల్లించే మొత్తం అచ్చు వేయాలి. చట్ట సవరణ అక్కర్లేదు, ఒక్క జీవో చాలు. జనానికి సమాచారం ఇవ్వడమే తమ ఉద్దేశమనే ప్రభుత్వానికి ఆ ఒక్క అంకె ఇవ్వడానికి అభ్యంతరం ఉండకూడదు. ఉంటే, ఆ అభ్యంతరమే జవాబు.